కొట్టేసే ముందు అడగాలి

"నేను వేసిన ఓటు ఏమైందో చెప్తారా?"

కౌంటర్ అద్దానికి అవతల నిలబడ్డ కుర్రాడు ఈ మాట అడిగేసరికి మున్సిపల్ ఆఫీసు ఎన్నికల సెక్షన్‌లో అందరూ తలలెత్తారు. కుళాయి కనెక్షన్ ఏమైందని అడిగేవాళ్లుంటారు. ఇంటి పన్ను రసీదు ఏమైందని అడిగేవాళ్లుంటారు. వేసిన ఓటు ఏమైందని అడిగినవాడు మాత్రం ఆ ఆఫీసు కట్టిన దగ్గర్నుంచీ లేడు.

కౌంటర్ ఇవతల ఉన్నది సీలు మేడం. వయసు ఇరవై ఏడే అయినా 'మేడం' అన్న మాట ఆమెకు ఎప్పుడో అతుక్కుపోయింది. పోలింగ్ రోజున ఊళ్లో ఉండలేనివాళ్లు పోస్టులో పంపే ఓట్లన్నీ ఆమె సెక్షన్‌కే వస్తాయి. వాటి సీలు ఆమె సొరుగులో ఉంటుంది, సొరుగు తాళంచెవి ఆమె మెళ్లో ఉంటుంది. అందుకే ఆ పేరు.

"ఓటు వేశాక అడగకూడదండీ. అది రహస్యం," అంది.

"ఎవరికి వేశానని అడగట్లేదు. అది నాకు తెలుసు. లెక్కలోకి వచ్చిందా లేదా అని."

"పోస్టులో పంపారా?"

"అవునండీ. కొండ మీద గాలిమరలు బాగుచేసే పని మాది. పోలింగ్ ఉందని గాలి సెలవు తీసుకోదు కదా!"

సీలు మేడం నవ్వలేదు. అతని కార్డు తీసుకుని కంప్యూటర్‌లో చూసింది. చూసి, ఇంకాస్త పైకి జరిపి మళ్లీ చూసింది.

"కొట్టేశారండీ. సంతకం కలవలేదు."

"అంతకు ముందు ఎన్నికప్పుడు?"

"అదీ కొట్టేశారు."

"దానికి ముందు?"

"అదీను."

కుర్రాడు వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "మూడుసార్లు వేశాను. మూడుసార్లూ వేశాననే అనుకుంటున్నాను. నాకెవరూ చెప్పలేదేం?"

"చెప్పే పద్ధతి లేదండీ."

"కొట్టేసే పద్ధతి ఉంది, చెప్పే పద్ధతి లేదు. బావుంది. ఇంతకీ కొట్టేసింది ఎవరు?"

అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు. "చివరి రెండూ నేనే. మీరు ముందు సంతకం సరిగ్గా పెట్టడం నేర్చుకోండి. ఆ కవరు మీదున్నది సంతకంలా లేదు, చీమ సిరాలో పడి లేచి నడిచినట్టుంది."

పక్క బల్ల దగ్గర అకౌంట్స్ అక్క కిసుక్కున నవ్వింది. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. కాగితం అడిగి తీసుకుని అక్కడే నిలబడి ఫిర్యాదు రాశాడు, కింద సంతకం పెట్టి అద్దం కిందనుంచి తోశాడు. వెనక్కి తిరిగి రెండడుగులు వేశాడో లేదో, "ఆగండి!" అని వినిపించింది.

సీలు మేడం లేచి నిలబడింది. ఫిర్యాదు మీది సంతకం, ఆఫీసు రికార్డులో ఉన్న సంతకం అచ్చు గుద్దినట్టు ఒకటే.

"ఇది మీరే పెట్టారా?"

"మీ కళ్ల ముందేగా!"

"మరి ఆ మూడూ?"

"అవీ నేనే పెట్టాను. అదే కదా చెప్తున్నాను!"

"ఇప్పుడు మీరు సెలవులో ఉన్నారా?"

"వారం నుంచి. అమ్మకి కంటి ఆపరేషన్ అయింది. ఎందుకండీ?"

"ఓటు కవరు మీద సంతకం ఎప్పుడు పెట్టారు?"

"సాయంత్రం, పని ముగించి గాలిమర దిగాక. క్యాంపులో అందరం అప్పుడే..." అంటూ ఆగిపోయి తన కుడిచేతిని చూసుకున్నాడు. "రోజంతా బోల్టులు బిగించే మెషిన్ పట్టుకుంటామండీ. అది దడదడలాడుతూనే ఉంటుంది. దిగాక గంటసేపు ఈ చెయ్యి నా మాట వినదు. టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటాం."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో ఇద్దరికీ తెలియలేదు.

"మీ క్యాంపులో మీ వార్డువాళ్లు ఎంతమంది?" అంది ఆమె, గొంతు తగ్గించి.

"ముప్పై మంది దాకా ఉంటారు."

ఆ మధ్యాహ్నం సీలు మేడం అన్నం డబ్బా మూత తీసి, తినకుండానే మళ్లీ పెట్టేసింది. ముప్పై మంది. ఆ వార్డులో కిందటిసారి గెలిచిన తేడా లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్లు చాలు. ఆమె రూలు తప్పలేదు. అయినా సిగ్గేసింది, గట్టిగానే వేసింది.

రిటైర్మెంట్ దగ్గరపడ్డ సూపరింటెండెంట్ గారికి కొత్త పద్ధతి అంటే చెవిలో జోరీగ. ఆయన టీ తాగుతున్న సమయం చూసుకుని వెళ్లింది.

"సర్, సంతకం కలవకపోతే కొట్టేసే ముందు ఆ మనిషికి ఒక్క ఫోన్ చేద్దాం."

"మన పని కాదమ్మా అది."

"అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. మనం అడగకుండానే కొట్టేస్తున్నాం సర్."

"ఆ గాలిమర అబ్బాయి ఒక్కడికే చేస్తావా?"

"అందరికీ. తేడా ఉన్న ప్రతి ఒక్కరికీ. పోటీ చేసేవాళ్ల ఏజెంట్ల ముందు, ఫోన్ స్పీకర్‌లో పెట్టి. రెండే ప్రశ్నలు. ఈ సంతకం మీదేనా? ఎవరి బలవంతమూ లేకుండా మీ ఇష్టంతోనే పెట్టారా? అప్పటికీ అనుమానం తీరకపోతే మర్నాడు సాయంత్రం లోపు మనిషే వచ్చి మన ముందు సంతకం పెట్టాలి."

సూపరింటెండెంట్ గారు టీ అంతా తాగి, కప్పు పక్కన పెట్టి, "రాసివ్వు," అన్నారు. పై ఆఫీసరు దాకా తిరిగి తిరిగి చివరికి అనుమతి వచ్చింది. ఒక షరతు మీద. ఈ ఒక్క ఎన్నికకే ప్రయోగం. పక్షపాతం జరిగిందని ఒక్క ఫిర్యాదు వచ్చినా ఫోన్ల మీద ఒప్పుకున్న ఓట్లన్నీ రద్దు, మళ్లీ పాత పద్ధతే.

"నీ మీద భరోసాతో సంతకం పెట్టానమ్మాయ్," అన్నారాయన. "నా పరువు తీయకు."

ఈ సంగతీ, ఈసారి క్యాంపులో అందరూ సంతకం పొద్దున్నే పెట్టాలన్న సంగతీ చెప్పడానికి ఆమె గాలిమర కుర్రాడికి ఆఫీసు నంబరు నుంచి ఫోన్ చేసింది. తప్పు అక్కడే జరిగింది. ఆ నంబరు అతని దగ్గర ఉండిపోయింది.

"మేడం, ఒక డౌటు. సంతకం పొద్దున్నే పెట్టమన్నారు కదా. టిఫిన్‌కి ముందా, తర్వాతా?"

"గాలిమర ఎక్కే ముందు. టిఫిన్ మీ ఇష్టం."

"నీలం పెన్నా, నలుపా?"

"ఏదైనా ఫరవాలేదు."

"మీకే రంగు ఇష్టం?"

"ఎన్నికలయ్యేదాకా నాకు రంగుల్లేవండీ."

ఫోన్ పెట్టేశాక అకౌంట్స్ అక్క ఫైలు చాటునుంచి, "ఈ వార్డులో ఓటరు చైతన్యం మరీ ఎక్కువైపోతున్నట్టుందే!" అంది.

అక్క అన్నది నిజమే. అతని డౌట్లు తరగడం లేదు. కవరు అంచు తడి చేసి అంటించాలా, జిగురు పెట్టాలా? పోస్టు వ్యాను కొండకు వచ్చే రోజు వాన పడితే? ఒకరోజు డౌటు లేకుండానే ఫోన్ చేశాడు.

"అమ్మని చెకప్‌కి తీసుకెళ్లడానికి ఆదివారం ఊళ్లోకి వస్తున్నాను. మీ ఆఫీసు ఎదురుగా కాఫీ షాపు ఉంది కదండీ..."

"ఉంది. అక్కడ కాఫీ బావుంటుంది. ఎన్నికలయ్యాక తాగొచ్చు."

"కాఫీకీ ఎన్నికలకీ సంబంధం ఏంటండీ?"

"ఎన్నికలయ్యేదాకా మీరు ఓటరు, నేను సీలు. మీ కవరు నా బల్ల మీదికే వస్తుంది. ఓటు కాగితాలు పంపేశాక ఈ ఫోన్లు కూడా చేయకండి."

"సరేనండీ," అన్నాడు.

మళ్లీ ఫోన్ చేయలేదు. చేయొద్దని చెప్పింది తనే. చెప్పినట్టు విన్నందుకు ఆమెకు ఒళ్లు మండిపోయింది. భోజనాల వేళ ఫోన్ మోగితే ముందు ఆమె చెయ్యే వెళ్లేది. అవతల ఎవరో కుళాయిలో నీళ్లు రావట్లేదని తిట్టేవారు.

కవర్లు పరిశీలించే రోజున పొద్దుటినుంచీ వాన. పెద్ద గదిలో పొడుగు బల్లకు ఒక పక్క సూపరింటెండెంట్ గారు, సీలు మేడం, అకౌంట్స్ అక్క. రెండో పక్క ఇద్దరు ఏజెంట్లు. గంట గుర్తు తరఫున వచ్చినాయన టైలరు, అందరికీ బాబాయి. కుర్చీ గుర్తు తరఫున వచ్చినాయన రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. నవ్వితే జరిమానా పడుతుందన్నట్టు కూర్చున్నారాయన.

పద్ధతి తేలికే. పోస్టు ఓటుకు రెండు కవర్లు. లోపలి కవరులో ఓటు ఉంటుంది, దాన్ని కౌంటింగ్ దాకా ఎవరూ ముట్టుకోరు. పైకవరు మీద సంతకం ఉంటుంది, దాన్నే రికార్డుతో పోల్చి చూస్తారు.

కొండ క్యాంపు కవర్లు ఒక్కొక్కటే కలుస్తూ వచ్చాయి. పొద్దుటి పూట సంతకాలు. సీలు మేడానికి ప్రాణం లేచొచ్చింది. మిగతావాటిలో కొన్నింటికి తేడా ఉంటే ఫోన్లు చేసింది. చెయ్యి విరిగి ఎడంచేత్తో సంతకం పెట్టిన ఒకావిడ, "అయ్యో తల్లీ, అడిగారు, అదే పదివేలు!" అంది. టైలరు బాబాయి మెచ్చుకోలుగా తలూపాడు. డ్రాయింగ్ మాస్టారు ఊపలేదు గానీ అభ్యంతరమూ చెప్పలేదు.

అంతలో ఆ కవరు వచ్చింది. దాని మీద గాలిమర కుర్రాడి పేరు. ఆమె సంతకం కోసం కిందికి చూసింది. ఆ సంతకం అందంగా ఉంది. ప్రతి అక్షరం గుండ్రంగా, తీరుగా, పెళ్లికి ముస్తాబైనట్టుంది. రికార్డులో ఉన్న గబగబా సంతకానికీ దీనికీ పోలికే లేదు.

డ్రాయింగ్ మాస్టారు కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగారు. "ఇది పెట్టిన సంతకం కాదమ్మా, గీసిన సంతకం. నలభై ఏళ్లు పిల్లల గీతలు దిద్దాను, నాకు తెలీదా? ఎవడో పక్కన మాదిరి పెట్టుకుని మెల్లగా గీశాడు."

వేరే దారి లేదు. సీలు మేడం నంబరు నొక్కింది, స్పీకర్ పెట్టింది. అవతల హోరుమని గాలి.

"మున్సిపల్ ఆఫీసు ఎన్నికల సెక్షన్ నుంచి మాట్లాడుతున్నాం..."

"మేడం! మీరేనా! ఎన్నాళ్లయింది మీ గొంతు విని!"

"ఫోన్ స్పీకర్‌లో..."

"వినపడట్లేదండీ! గాలిమర పైన ఉన్నాను!"

ఆమె గొంతు పెంచింది. "ఈ కవరు మీద సంతకం మీదేనా?"

"నాదే! ఎలా ఉంది?"

"ఎలా ఉండటమేంటి?"

"చీమ నడిచినట్టుందన్నారు కదండీ ఆ రోజు. అప్పట్నుంచీ నిద్ర పడితే ఒట్టు! మీరు చూస్తారని రోజూ పొద్దున్నే కూర్చుని ప్రాక్టీసు చేశాను. ఈసారి మీరు దాన్ని చూస్తే చూస్తూనే ఉండిపోవాలని!"

టైలరు బాబాయికి టీ గొంతుకు అడ్డం పడింది. అకౌంట్స్ అక్క ఆయన వీపు మీద తడుతూ కిటికీ వైపు తిరిగిపోయింది.

సీలు మేడానికి నేల చీలితే బావుణ్ననిపించింది. కానీ అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి మిగిలి ఉంది. అందరినీ అడిగినట్టే అతన్నీ అడగాలి.

"ఎవరి బలవంతమూ లేకుండా, మీ ఇష్టంతోనే పెట్టారా?"

"ఇష్టంతోనేనండీ," అన్నాడు అతను. గాలి కాస్త తగ్గినట్టుంది, ఈసారి మాట స్పష్టంగా వినిపించింది. "ఇష్టం కాబట్టే."

టైలరు బాబాయి టీ కప్పు కింద పెట్టేశాడు.

"ఫోన్ స్పీకర్‌లో ఉందండీ," అంది ఆమె నెమ్మదిగా. "ఇక్కడ ఐదుగురం ఉన్నాం."

అవతల గాలి ఒక్కటే కాసేపు మాట్లాడింది. ఆ తర్వాత, "అందరికీ నమస్కారమండీ," అని వినిపించింది.

డ్రాయింగ్ మాస్టారు లేచి నిలబడ్డారు. "ఏంటండీ ఇది! కవరు ఒప్పుకోవాల్సిన మనిషికీ, కవరు పంపిన మనిషికీ ఈ వరసా? ఫోన్ల మీద ఒప్పుకున్న ఓట్లన్నీ రద్దు చేయాలి. ఫిర్యాదు రాసిస్తాను, కాగితం ఇవ్వండి."

సూపరింటెండెంట్ గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒక్క ఫిర్యాదు చాలు. చెయ్యి విరిగినావిడ ఓటుతో సహా ఫోన్ ఎత్తి జవాబు చెప్పిన వాళ్లందరి ఓట్లూ చెత్తబుట్టలోకి పోతాయి.

మా మధ్య ఏమీ లేదండీ, కాఫీ కూడా తాగలేదు అని ఆమె అనొచ్చు. అది నిజమే. కానీ అది సగం నిజమని ఆమెకు తెలుసు. మెళ్లోని తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

"మాస్టారూ, మీరన్నది న్యాయమే. నాకూ అతనంటే ఇష్టమే. అందుకని ఈ కవరు నేను ఒప్పుకోకూడదు, కొట్టేయకూడదు. కావాలంటే దీన్నొక్కదాన్నీ పక్కన పెట్టేయండి. మిగతావాళ్లెవరో నాకు తెలీదు, నేనెవరో వాళ్లకు తెలీదు. ప్రతి మాటా మీ ముందే మాట్లాడాను. వాటి జోలికి మాత్రం వెళ్లకండి."

ఫోన్ ఇంకా పెట్టేయలేదన్న సంగతి అందరూ మర్చిపోయారు.

"మేడం చెప్పింది సరేనండీ," అంది ఫోన్. "నాది కొట్టేయండి. మూడుసార్లు నాకు తెలీకుండా కొట్టేశారు. ఈసారి అడిగి కొట్టేస్తున్నారు, అదే నయం. మిగతావాళ్లవి ఉంచండి. వాళ్లేం చేశారు పాపం!"

డ్రాయింగ్ మాస్టారు మెల్లగా కూర్చున్నారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకున్నారు.

"కొట్టేయమని నేనన్నానా?" అన్నారు చిరాగ్గా. "ఆవిడ చూడకూడదన్నాను. ఆవిడే తప్పుకుంది. రేపు సాయంత్రం దాకా గడువుందిగా, ఆ అబ్బాయిని రమ్మనండి. నా ముందు సంతకం పెట్టమనండి. గీయకుండా!"

మర్నాడు సీలు మేడాన్ని ఆ గదిలోకి రానివ్వలేదు. వరండాలో బెంచీ మీద కూర్చుంది. వాన ఏటవాలుగా కొడుతూ చెప్పులు తడుపుతోంది. అతను రెయిన్ కోటుతో మెట్లెక్కి వచ్చాడు. ఆమెను చూశాడు, పలకరించకుండా లోపలికి వెళ్లిపోయాడు. ఆ పలకరించకపోవడం ఆమెకు చాలా నచ్చింది.

తలుపు తెరుచుకునే దాకా ఆమె గోళ్లు కొరుకుతూనే ఉంది.

"ఏమైంది?"

"మొదటిది వణికింది. మాస్టారు మంచినీళ్లిచ్చి, గాలి పీల్చుకోమని మళ్లీ పెట్టమన్నారు. రెండోది చూసి, 'ఇదీ సంతకమంటే! నిన్నటిది బొమ్మ' అన్నారు. ఒప్పుకుంటున్నట్టు అందరికంటే ముందు ఆయనే రాశారు."

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. అతను రెయిన్ కోటు దులుపుకుంటూ నిలబడ్డాడు.

"నిన్న ఫోన్‌లో ఒక మాట చెప్పారు. గాలికి సరిగ్గా వినపడలేదండీ. మళ్లీ చెప్తారా?"

"కౌంటింగ్ అయ్యాక."

కౌంటింగ్ అయింది. కుర్చీ గుర్తు ఓడిపోయింది, అదీ కొండ మీద నుంచి వచ్చిన ఓట్లకంటే తక్కువ తేడాతో. డ్రాయింగ్ మాస్టారు ఫలితాల కాగితం మీద సంతకం పెట్టి, "ఓడిపోతే పోయాం. ఎవరు ఓడించారో ఈసారి తెలిసింది," అని గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. ఫిర్యాదు రాయలేదు. ఫోన్ చేసి అడిగే పద్ధతి ఆ ఊళ్లో నిలిచిపోయింది.

కాఫీ షాపులో ఆమె ఆ మాట మళ్లీ చెప్పింది. రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఎవరికి ఓటు వేశావని మాత్రం ఆమె అడగలేదు, ఆ తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు.

ఆమె నాన్న మార్కెట్ యార్డులో కాటా దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసినవాడు. అబ్బాయి ఎవరు, జీతమెంత అని అడగలేదు.

"అతని ఓటు చెల్లిందా?" అన్నాడు.

"చెల్లింది నాన్నా."

"నీ చేత్తో కాదుగా?"

"కాదు. నన్ను గదిలోకే రానివ్వలేదు."

"అయితే ఇంటికి రమ్మను," అని పేపరు తిరగేశాడు. కాసేపటికి పేపరు వెనకనుంచి, "వాళ్లమ్మగారిని కూడా," అన్నాడు.

పెళ్లి రిజిస్ట్రార్ ఆఫీసులో. సాక్షి సంతకాలకు అకౌంట్స్ అక్క, డ్రాయింగ్ మాస్టారు వచ్చారు. పెళ్లికొడుకు రెండు రోజుల ముందే సెలవు పెట్టి చేతికి విశ్రాంతి ఇచ్చాడు. అతని సంతకం నిటారుగా, గబగబా, రికార్డులో ఉన్నట్టే వచ్చింది. తర్వాత పెళ్లికూతురు పెన్ను తీసుకుంది.

ఊరందరి సంతకాలూ ఏళ్ల తరబడి జల్లెడ పట్టిన చెయ్యి అది. ఆ రోజు మొదటి అక్షరం దగ్గరే వణికింది. మిగతా అక్షరాలు దాని వెంట పడుతూ లేస్తూ వెళ్లాయి.

రిజిస్ట్రార్ కార్డు పక్కన పెట్టి చూశాడు. "అమ్మాయి సంతకం కలవట్లేదే," అంటూ ఎర్ర పెన్ను మూత తీశాడు.

"ఆగండి సార్!" అన్నాడు పెళ్లికొడుకు. "కొట్టేసే ముందు అడగాలి."

"ఏమడగాలి?"

"రెండే ప్రశ్నలు సార్," అని అతను చెప్పాడు. డ్రాయింగ్ మాస్టారు ఔనన్నట్టు తలూపారు.

రిజిస్ట్రార్ ఇద్దరినీ వింతగా చూసి, ఆమె వైపు తిరిగాడు.

"ఏమ్మా, ఈ సంతకం నీదేనా?"

"నాదే సార్."

"ఎవరి బలవంతమూ లేకుండా, నీ ఇష్టంతోనే పెట్టావా?"

"ఇష్టంతోనే సార్," అంది సీలు మేడం. "ఇష్టం కాబట్టే."